ఆరనియ్యి, మేడం

నాకు అచ్చుల పని నేర్పిన కాకా పోయిండని తెలిసినప్పుడు నేను స్టాఫ్‌రూంలో కొట్లాడుతున్న. ఇన్విజిలేషన్ డ్యూటీలు ఈసారి కూడ ఆడవాళ్లకే ఎక్కువ పడ్డయి. లిస్టు రాసిన పెద్దమనిషికి లెక్కలు రావా, లేక సిగ్గు రాదా అని అడుగుతున్న. జగిత్యాలలో నేను సివిక్స్ చెప్పే జూనియర్ కాలేజీలో ఇది కొత్త కాదు. నా గొంతు లేవంగనే అటెండరు వచ్చి తలుపు దగ్గరికి వేస్తడు. అప్పుడే ఫోన్ మోగింది. సిరిసిల్ల నుంచి, కాకా భార్య. ఆమెను నేను చిన్నమ్మ అంట.

"మీ కాకా పోయిండు బిడ్డా. దినాలు గూడ అయిపోయినయి. ఆ గడబిడల నీకు చెప్పుడు యాదికి లేదు, ఏమనుకోకు. నీ కాయిదాలు గీడనే ఉన్నయి, అచ్చి తీస్కపో."

ఫోన్ పెట్టేసినంక నాకు మొట్టమొదట తోచిన మాట చెప్పుకునేది కాదు గాని చెప్త. 'ఇగ చెప్పే పని లేదు' అనుకున్న. ఛాతీ మీంచి బండ దిగినట్టయింది. అటెండరు తలుపు తెరిచేలోపల అదే బండ మళ్లీ వచ్చి కూసున్నది, ఈసారి రెండింతల బరువుతోటి.

చెప్పవలసింది పెద్ద కథ ఏం కాదు. రెండేండ్ల కింద ఆయన తండ్రి నాటి చిలుక బొమ్మ చెక్క అచ్చును నేను పలగ్గొట్టిన. ఎవరికీ చెప్పకుండ అతికించి, ఉన్న చోట పెట్టి వచ్చిన. మళ్లీ ఆ గడప తొక్కలే. ఊరందరి తప్పులు ఎంచే నోరు నాది. నా తప్పు దగ్గరికి వచ్చేసరికి దానికి తాళం పడ్డది.

ఆయనను మొదటిసారి కలిసింది గూడ కొట్లాటకు పోయే. సిరిసిల్లలో పరీక్ష డ్యూటీ. మూడు గంటలు పిల్లల తలకాయల నడుమ తిరుగుతుంటే పక్క షెడ్డు నుంచి ఒకటే గాసునూనె వాసన. కిటికీలోంచి చూస్తే దండెం మీద బట్టలకు బదులు కాయిదాలు ఆరేసి ఉన్నయి. జవాబు పేపర్లు కట్ట కట్టి అప్పజెప్పంగనే కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని పోయిన.

"ఎవరిక్కడ పెద్ద? పక్కన పిల్లలు పరీక్ష రాస్తున్నరన్న సోయి ఉన్నదా మీకు?"

మరమగ్గాలను మా దిక్కు సాంచాలంటరు. సాంచాలు తీసేసిన పాత షెడ్డు అది. నడుమ అచ్చులు తీసే ఒక ఇనుప మిషను. మూతబడ్డ అద్దకం కార్ఖానలో బట్టను సాపు చేసే రెండు రోలర్లు కాకా తెచ్చుకొని, వెల్డింగ్ దుకాణంలో తిప్పేటందుకు ఒక చక్రం పెట్టించుకున్నడు. దాని పక్కన డెబ్బై ఏండ్ల మనిషి, బనీను మీద, అద్దం పలక మీద నల్ల సిరాను చేతి రోలరుతో పరుస్తున్నడు. తల ఎత్తలే.

"జర ఇనుండ్రి మేడం" అన్నడు.

"ఏం వినాలె?"

"సిరా. నువ్వులు వేగినట్టు సన్నగ చప్పుడు రావాలె. ఇప్పుడు ఆవాలు చిట్లినట్టున్నది. అంటే ఎక్వైంది."

నేను నిజంగనే చెవి పెట్టి విన్న. అక్కడనే నా పని అయిపోయింది. గడపలో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చేస్తున్న చిన్నమ్మ, చేతులు ఆపకుండనే, "పరీక్ష అయిపాయె గద బిడ్డా, ఇగ ఎవరి కోసం లొల్లి? కూసో, చాయ తాగిపో" అన్నది.

మరుసటి ఐతారం మేముండే కోరుట్లలో బస్సెక్కి, కథలాపూర్, వేములవాడ మీదుగ మళ్లీ అదే షెడ్డుకు పోయిన. "నలభై ఏడేండ్లకు అచ్చులు గుద్దుడు నేర్సుడేంది?" అని మా ఆయన అడిగిండు. "నలభై ఏడేండ్లకు బీపీ గోలీలు మింగుడు నేర్వలేదా?" అన్న. మళ్ల అడగలే.

పని చూస్తే పిల్లలాట లెక్కనే ఉంటది. మందం అట్ట మీద నీకు ఇష్టమైంది అతికించు: నూలు దారం, పాత చీర అంచు, గోనెసంచి ముక్క, చిన్నమ్మ చాటలో కత్తిరించంగ మిగిలిన తునికాకు. వార్నిష్ పూసి ఆరబెట్టు. సిరా పట్టించి, తడి కాయిదం పరిచి, రోలర్ల నడుమ తిప్పు. కాయిదం లేపితే తునికాకు ఈనెలు ముసలామె చేతి నరాల లెక్క వచ్చి ఉంటయి. దాని మీద చెక్క అచ్చు ఒత్తు, రంగు దిద్దు, బుద్ధైతే సూది తీసుకొని దారం కుట్టు. హైదరాబాదు నుంచి వచ్చే ఆర్ట్ కాలేజీ పిల్లలు దీన్ని మిక్స్‌డ్ మీడియా అనేటోళ్లు. కాకా 'అన్ని కలిపిన ఛాపా' అనెటోడు. బట్టల తాన్ల చివర దుకాణం గుర్తు కొట్టే పనిని ఛాపా కొట్టుడంటరు. ఆయన చెయ్యి ఆ పనిలో పెరిగిన చెయ్యి. ఎవరన్న సార్ అంటే, "సార్లు బడిల ఉంటరు. నేను ఛాపా కొట్టెటోన్ని" అని దిద్దెటోడు.

ఆయన రోజూ చేసే పనులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తది. తడి కాయిదాన్ని సిరా వేళ్లతో ముట్టుకోవద్దని, చిన్న అట్టముక్కలు రెండు మడిచి, వాటి నడుమ పట్టుకొని లేపుతరు ఈ పనోళ్లు. కాకాకు అదెంత అలవాటంటే బిస్కెట్‌ను గూడ అట్టముక్కలతోనే పట్టుకొని చాయలో ముంచెటోడు. ఓసారి ఇంటి ముందటికొచ్చిన పెండ్లిపత్రికను అట్లనే అందుకుంటే ఇచ్చినాయన బుగులుపడ్డడు. కాయిదం చేతికిస్తే ముందు వాసన చూసెటోడు. వానకాలం కొన్నదా ఎండకాలం కొన్నదా చెప్పెటోడు. నిజమా అబద్ధమా నాకు తెల్వదు. నేను తప్పు పట్టుకోలేకపోయిన మనుషుల్లో ఆయన ఒకడు.

ఇక ఆ ఒక్క మాట. మంచిగున్నది అని గాని, బాగలేదని గాని ఆ మనిషి నోట నేను వినలే. అచ్చు తీసి చూపిస్తే, "ఆరనియ్యి" అనెటోడు. వాదనకు దిగితే అంతకన్న ఎక్కువ మాట్లాడెటోడు కాదు.

"కాకా, నల్లగ రావాలంటే సిరా ఎక్కువ పెట్టాలె గద? ఇది మామూలు బుద్ధి."

"సిరా గూడ మాట లెక్కనే మేడం. ఎక్వైతే బొమ్మ కనవడది."

"అంటే నేను ఎక్కువ మాట్లాడుతున్ననా?"

"ఆరనియ్యి."

గడప కాడ చిన్నమ్మ బీడీకి దారం చుట్టుకుంట, "నన్ను గూడ నలభై ఏండ్ల సంది గట్లనే ఆరేసిండు" అనేది.

చీరల సంగతి ఒకటున్నది. కొత్తగ నేర్చుకోవటానికి వచ్చినోళ్లందరికీ ఆయన ముందుగాల చెప్పేది, "ఒక్క చీర మీదనో, ఒక్క అంగి మీదనో ఆశ వదులుకోండ్రి." నేను వదులుకోలే. పంతానికి మంచి నేత చీరలే కట్టుకొని పోయేదాన్ని. కొంగు బిగించి, ముందట గోనెపట్ట కట్టుకొని, ఏడాదిన్నర ఒక్క చుక్క పడనియ్యలే. ప్రతి ఐతారం పోయే ముందు చెంగు ఇప్పి చూపించేదాన్ని. "చూసుకో కాకా, కడిగిన ముత్యం." ఆయన కండ్లద్దాలు పైకి నూకి, వంగి, బట్ట దుకాణంలో తాను చూసినట్టు చూసి, "ఆఁ. ఇంక పని అంటలే" అనెటోడు. నాకు ఒళ్లు మండేది.

మాది కోరుట్ల అని తెలిసిన నాడు మాత్రం ఆయన ముఖం చూడాలె. "కాయిదం ఊరా!" అన్నడు. మా ఊళ్లో వెనకట చేత్తో కాయిదం చేసేటోళ్లని, దఫ్తర్లకు అదే పోయేదని నేను చదువుకున్న ముచ్చటే. ఆయన దగ్గర అది నిజంగ ఉన్నది. ఇనుప పెట్టె తెరిచి చూపించిండు. బెల్లం రంగుకు తిరిగిన ఏడెనిమిది తావులు. నేను చెయ్యి చాపంగనే పెట్టె మూసిండు.

"మా ఊరి కాయిదం నేను ముట్టుకోవద్దా?"

"పని అచ్చినంక దీని మీదనే తీద్దువు."

"పని వచ్చిందని ఎవరు చెప్పాలె?"

ఏమంటడో మీకు తెలిసే ఉంటది.

ఇప్పుడు చిలుక ముచ్చట. అరచెయ్యి వెడల్పు టేకు చెక్క. దాని మీద కొమ్మ మీద కూసున్న చిలుక, రెక్కకు పదకొండు గీతలు, ముక్కులో ఒక పత్తికాయ. తండ్రి ఒక సేటు దుకాణంలో తాన్లకు కొట్టిన అచ్చు. పిడి ఎప్పుడో ఊడిపోయింది. గోడ గూట్లో, దేవుని పటం పక్కన ఉండేది. అందరూ వాడుకోవచ్చు గాని ఒక్కటే షరతు. దాన్ని రోలర్ల నడుమ పెట్టొద్దు. మీద కాయిదం పరిచి, వెనక నుంచి చెంచా బొర్రతోటి నిమ్మళంగ రుద్దాలె. దానికి అరగంట పడ్తది.

"ఎందుకు? చెక్కే గద? మందంగనే ఉన్నది గద?" అని నేను వారానికోసారి అడిగేదాన్ని.

"ముసలి చెక్క. లోపట ఏమున్నదో మనకు తెల్వది. కంటికి దొరకనిది సిరాకు దొరుకుతది, ఒత్తుడుకు దొరుకుతది" అనెటోడు.

ఒక ఐతారం ఆయన ఎవరిదో చావుకు పోయిండు. చిన్నమ్మ బీడీలు అప్పజెప్పటానికి కార్ఖానకు పోయింది. షెడ్డులో నేనొక్కదాన్నే. మూడుసార్లు చెంచాతో రుద్దితే మూడుసార్లు రెక్క మసక మసకగ వచ్చింది. భుజం గుంజుతున్నది. ఆయన చెప్పింది తప్పని ఒక్కసారి రుజువు చేసి, మళ్లీ గూట్లో పెట్టేస్తే అయిపాయె అనుకున్న. చిలుకను రోలర్ల కాడ పెట్టి, ఒత్తుడు పెరిగేటట్టు స్క్రూ బిగించి, మీద కంబడి ముక్క పరిచి, చక్రం తిప్పిన.

ఎండుపుల్ల ఇరిగినట్టు, టప్.

చిలుక మెడ కాడి నుంచి తోక దాకా రెండు చెక్కలు.

ఏడవలే. దొంగకున్నంత తెలివి వచ్చింది నాకు ఆ నిమిషాన. తువ్వాలలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకొని, బస్సెక్కి కోరుట్లకు వచ్చి, చెక్కపని చేసే తెలిసిన వడ్లాయన ముంగట పెట్టిన. ఆయన బంక పెట్టి, బిగించి, నున్నగ రుద్ది, "ఎక్కడ అతికినమో కనవడితే నా మీసం తీసేస్త అక్కా" అన్నడు. కనపడలే. వెలుతురుకు పెట్టి చూసిన, భూతద్దం పెట్టి చూసిన. వారం తిరిగి పోయి, కాకా చాయ తాగుతుంటే గూట్లో పెట్టేసిన. ఆ పూట తల నొస్తున్నదని తొందరగ వచ్చేసిన. ఆ తర్వాత పోలే. ఆయన రెండుసార్లు ఫోన్ చేసిండు. ఒకసారి పరీక్షలన్న, ఒకసారి చుట్టాలన్న. మూడోసారి చేయలే.

ఏడాదిన్నర సిరా పని నేర్చుకొని కూడ నాకు ఒక్క సంగతి తట్టలే. తట్టింది నెల రోజులకు, క్లాసులో పిల్లలకు ప్రాథమిక హక్కులు చెప్తుంటే. అతుకు కంటికి కనపడకపోవచ్చు. సిరా పెడితే? ఎంత నున్నగ రుద్దినా అతుకు కాడ వెంట్రుక మందం సందు ఉంటది. అక్కడ సిరా ఎక్కదు. కాయిదం మీద తెల్లగీత పడ్తది. ఆయన ఆ చిలుకకు సిరా పెట్టిన మొదటి పొద్దునే దొరికిపోయి ఉంట. చాక్‌పీసు పట్టుకొని బోర్డు ముందట అట్లనే నిలబడ్డ. "మేడం, తర్వాత?" అన్నరు పిల్లలు.

తర్వాత రెండేండ్లు.  సిరిసిల్ల పక్కనే ఉన్న వేములవాడకు మొక్కు ఉన్నదని మా ఆయన అంటే ధర్మపురికి పోదామని పోట్లాడిన.

చిన్నమ్మ ఫోన్ చేసినంక నాలుగు దినాలు నాకు సరిగ తిండి సయించలే. ఐదోనాడు ఐతారం. గంజి పెట్టిన తెల్ల నేత చీర కట్టుకొని, బస్సెక్కి, కిటికీ పక్కన కూసొని, చెప్పవలసిన మాటను కథలాపూర్ దాక ఒక తీరుగ, వేములవాడ దాక ఇంకో తీరుగ కూర్చుకున్న. అందులో వడ్లాయన తప్పు కొంత, ముసలి చెక్క తప్పు కొంత, నా తప్పు ఆఖర్న.

షెడ్డు ఊడ్చి ఉన్నది. దండెం ఖాళీ. గడపలో చిన్నమ్మ, ఒడిలో చాట. నన్ను చూసి లేవబోయింది. నేను ఆమె ముందట కింద కూసున్న. కూర్చుకున్న మాటలన్ని బస్సులోనే దిగిపోయినయి.

"చిన్నమ్మా, చిలుకను నేనే పలగ్గొట్టిన. దొంగ లెక్క అతికిచ్చి పెట్టిన. కాకాకు చెప్పలే."

చిన్నమ్మ నా దిక్కు చూసింది. చేతిలో బీడీ కింద పెట్టింది. ఆమె చేతులు ఆగుడు నేను చూసింది అదే మొదటిసారి. తర్వాత ఒక్కసారిగ నవ్వింది. కండ్లల్ల నీళ్లు వచ్చేదాక, చాట కదిలి ఆకు కింద పడేదాక.

"చెప్పినవా? అమ్మయ్య! గీ ఒక్క మాట కోసం ముసలోడు రెండేండ్లు చూసిండు గదనే!"

"తెలుసా ఆయనకు?"

"నువ్వు తీస్కపోయిన నాడే తెల్సు. గూడు ఖాళీగున్నది, దొంగలు పడ్డరని నేను మొత్తుకున్న. ఆయన మిషన్ కింద చూసిండు, టేకు పెళ్ల దొరికింది. స్క్రూ చూసిండు, బిగిచ్చి ఉన్నది. 'దొంగలు గారే. మేడం. అచ్చే ఐతారం తెచ్చి పెడ్తది, నువ్వు చూడనట్టుండు' అన్నడు. నువ్వు గూట్ల పెడుతుంటే నేను గోడ దిక్కు తిరిగి బీడీలు జేసిన. నవ్వు ఆపుకోలేక సచ్చిన."

నేను తలకాయ నొప్పి అని చెప్పి పోయిన పూట అది. నా ముఖం ఎట్లయిందో నాకే తెల్వదు.

"కోపం రాలేదా చిన్నమ్మా? తండ్రిది గద."

"కోపమా?" చిన్నమ్మ కింద పడ్డ ఆకును ఏరుకుంట చెప్పింది. "నీకు ఎరుక లేదు. గప్పుడు నా తమ్ముడు ఎవన్నో పట్నపాయనను తోల్కచ్చిండు. పాతయి జమజేసి అద్దాల పెట్టెల పెడ్తడట. 'మా బావ చిలుకను ఇస్తడు' అని వీడు మాటిచ్చిండు. మీ కాకాకు ఇచ్చుడు ఇష్టం లేదు. అద్దాల పెట్టెల పెడితే దానికి ఇగ సిరా ఎవరు పెడ్తరు అని ఆయన బాధ. బామ్మర్ది మాట ఎట్ల తీసేస్తడు? వద్దనలేక, ఇయ్యలేక నెల దినాలు బువ్వ తినలే. నువ్వు అతికిచ్చి పెట్టినంక సిరా పెట్టి తీసిండు. మెడ కాడికెల్లి తోక దాక తెల్లగీత. గా కాయిదం పట్టుకొని ఉరికి తమ్మునికి చూపిచ్చిండు. పట్నపాయన పలిగింది నాకద్దని పోయిండు. గా దినం మీ కాకా మూడుసార్లు అన్నం పెట్టిచ్చుకున్నడు. 'మేడం నోరుతోని కానిది చెయ్యితోని చేసిందే' అనుకుంట."

గోడకు ఆనుకున్న. రెండేండ్ల సంది బిగబట్టి ఉన్నదేదో వెన్నుపూస నుంచి జారిపోయింది. కాని నా నోరు నాదే గద, వెంటనే కొట్లాటకు దిగింది.

"మరి నాకెందుకు చెప్పలే? రెండేండ్లు సచ్చిన గద నేను! ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయేది?"

"నేను చేస్తనే అన్న. 'ఆరనియ్యి' అన్నడు. 'గంత నోరున్నామె గీ ఒక్క మాట చెప్పలేకపోతదా? దానంతటది రావాలె. మనం ముందుగాల చెప్తే జన్మల చెప్పది' అన్నడు." చిన్నమ్మ చాటను పక్కకు జరిపింది. "ఐతారం ఐతారం బస్సు చప్పుడు కాంగనే చూసెటోడు బిడ్డా. గది మాత్రం నిజం."

కింద మిగిలిన ఆకును ఏరి నేను ఆమె చాటలో వేసిన. 

చిన్నమ్మ నా కాయిదాల కట్ట తెచ్చింది. నేను చెడిపోయినయని చెత్తబుట్టలో పడేసినవన్ని ఏరి, సాపు చేసి, పెట్టిండు. సిరా ఎక్కువైనవి, కాయిదం జరిగినవి, తునికాకు పగిలినవి. ఒకదాని తర్వాత ఒకటి తీసుకుంట పోతే, అడుగున ఒక తావు. ఖాళీది. బెల్లం రంగుది. వాసన చూసిన. వానకాలమో ఎండకాలమో నాకు తెల్వలే గాని మా ఊరిదని తెలిసింది.

"నువ్వు పోయినంక ఏసిండు అండ్ల. ఏందంటే చెప్పలే" అన్నది చిన్నమ్మ. గూట్లోంచి చిలుకను తెచ్చి నా ఒడిలో పెట్టింది. "గిది గూడ తీస్కపో."

"అదెట్ల తీసుకుంట? పలగ్గొట్టిందాన్ని!"

"ఇచ్చినదానికి గూడ కొట్లాటనే? ఇంటికాడ గూట్ల పెట్టుకునుడు కాదు, సిరా పెట్టాలె. ముందుగాల గీడ ఒక్కటి తీసి చూపెట్టిపో. ఆయన పోయిన కాడికెల్లి ఆ చప్పుడు ఇనలే నేను."

అద్దం పలక కడిగిన. సిరా వేసి రోలరు తిప్పిన. ఆవాలు. కొంచెం గీకి తీసేసి మళ్లీ తిప్పిన. ఇద్దరం చెవులు పెట్టి విన్నం. నువ్వులు.

చిలుక మీద కోరుట్ల తావు పరిచి, చెంచా తీసుకొని కూసున్న. రుద్దుతున్న అరగంట నేను ఒక్క మాట మాట్లాడలే. అట్టముక్కలతో కాయిదం లేపితే రెక్క పదకొండు గీతలతో వచ్చింది. ముక్కులో పత్తికాయ వచ్చింది. మెడ నుంచి తోక దాకా తెల్లగీత, దువ్వెనతో పాపట తీసినట్టు, తేటగ వచ్చింది. చిన్నమ్మ వంగి చూసింది. మంచిగున్నదని అనలే. ఆ ఇంట్ల ఆ అలవాటు లేదు.

సిరిసిల్ల బస్టాండుల రెండు ప్లేట్ల మిర్చి తిన్న. నాలుగు దినాల ఆకలి. బస్సులో చిలుకను తువ్వాలలో చుట్టి ఒడిలో పెట్టుకొని, కాయిదాల కట్ట గుండెకు ఆనించుకొని, కథలాపూర్ రాకముందే నిద్రపోయిన. కోరుట్లలో కండక్టర్ లేపిండు.

ఇంట్లకు పోయి చెప్పులు ఇడుస్తుంటే మా ఆయన నా చీర దిక్కు చూసి నోరు తెరిచిండు. వంగి చూసుకున్న. చెక్క తుడిచిన అనుకున్న గాని సరిగ తుడవలే. తువ్వాల జారి, కుచ్చిళ్ల మీద, మోకాలి కాడ, నల్లగ, చిలుక. దాని మెడ నుంచి తోక దాకా గంజి తెలుపు గీత.

"అరెరె, మంచి చీర! నిమ్మకాయ రుద్దు, జల్ది నీళ్లల్ల ముంచు" అని ఆయన బకెట్ కోసం ఉరుకుతున్నడు.

"ఉండు" అన్న. "ఆరనియ్యి."